వీసా స్టాంప్ గడువు తీరిన హెచ్‌-1బీతో కెనడా పీఆర్ ల్యాండింగ్‌కి వెళ్లి రావచ్చా?

ప్రశ్న: ఒహాయో, కొలంబస్‌లో హెచ్‌-1బీ మీద పనిచేస్తున్నాను. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది, ఇంకా చాలా టైముంది. కానీ పాస్‌పోర్టులో స్టాంప్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. నాకూ మా ఆవిడకీ కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చింది, పాస్‌పోర్టుల్లో వీసా కూడా వేసి పంపారు. సీఓపీఆర్ (పీఆర్ ఖరారైందని కెనడా ఇచ్చే కాగితం) గడువు ఇంకో రెండు నెలలే. ఒకరోజు కార్లో బోర్డర్ దాటి ల్యాండింగ్ (కెనడాలో అడుగుపెట్టి పీఆర్‌గా నమోదు) చేసుకుని వచ్చేద్దాం అనుకుంటున్నాం. దీనివల్ల హెచ్‌-1బీ పోతుందా? గ్రీన్‌కార్డు ఫైలుకి దెబ్బ తగులుతుందా? మాకు నెలల పాప ఉంది. అప్లికేషన్ వేశాక ఇక్కడే పుట్టింది, అమెరికా సిటిజన్ కాబట్టి తనకి కెనడా కాగితాలేమీ అక్కర్లేదనుకుంటున్నాం.

సమాధానం:

హెచ్‌-1బీ పోదు. గ్రీన్‌కార్డు ఫైలుకీ ఏమీ కాదు. మీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది ఆ రెండూ కావు, ఆఖర్లో పాప గురించి రాసిన ఒక్క ముక్క. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలేదాకా మీరు బోర్డర్ వైపు వెళ్లకూడదు.

కెనడా పీఆర్ అప్లికేషన్ వేసిన రోజు నుంచి ల్యాండింగ్ కౌంటర్ దగ్గర సంతకం పెట్టే నిమిషం వరకు మీ కుటుంబంలో ఏ మార్పు జరిగినా ఐఆర్‌సీసీకి (కెనడా ఇమిగ్రేషన్ శాఖకి) చెప్పి తీరాలి. పెళ్లయినా, విడాకులైనా, బిడ్డ పుట్టినా సరే. ఆ బిడ్డ ఏ దేశ పౌరురాలన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అమెరికా పాస్‌పోర్టు ఉంటే పాప విజిటర్‌గా వీసా లేకుండా కెనడాలోకి రావచ్చు, అంతవరకు నిజమే. కానీ విజిటర్‌గా రావడం వేరు, మీ ఫైల్లో మీ బిడ్డగా ఉండటం వేరు. మీతో పాటు పీఆర్ తీసుకున్నా, తీసుకోకపోయినా, తన పేరు డిపెండెంట్‌గా ఫైల్లో ఉండాలి, మెడికల్ కూడా అయ్యుండాలి.

చెప్పకుండా ల్యాండ్ అయితే ఏమవుతుందంటే, కెనడా ఇమిగ్రేషన్ నిబంధనల్లో 117(9)(డి) అని ఒకటుంది. ల్యాండింగ్ నాటికి చూపించని, పరీక్ష చేయించని కుటుంబ సభ్యుల్ని తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయడానికి అది అడ్డు తగులుతుంది. అంటే రేపు మీరిద్దరూ టొరంటోలో సెటిలై పాపని స్పాన్సర్ చేయబోతే, ఆ నిబంధనే అడ్డం పడుతుంది. మానవతా కారణాల కింద వేరే దారిలో అడుక్కోవాల్సి వస్తుంది. ఇది కాక, దాచారని ఆఫీసర్ అనుకుంటే తప్పుడు సమాచారం కింద కేసు పెట్టొచ్చు, దానికి అయిదేళ్ల నిషేధం ఉంది. పీఆర్ వచ్చిన ఆనందంలో ఇంత చిన్న విషయం దగ్గర జారిపోయే దంపతులు మనవాళ్లలో తక్కువేమీ లేరు. అప్లికేషన్ టైములో పెళ్లి కాని కుర్రాళ్లు మధ్యలో ఇండియా వెళ్లి పెళ్లి చేసుకొచ్చి, 'ల్యాండింగ్ అయ్యాక ఆవిడని స్పాన్సర్ చేద్దాంలే' అనుకోవడం ఇంకా మామూలు.

కాబట్టి ఈరోజే ఐఆర్‌సీసీ వెబ్‌ఫారం తెరిచి, అప్లికేషన్ నంబరు వేసి, పాప పుట్టిన విషయం రాయండి, బర్త్ సర్టిఫికెట్ జతచేయండి. ఒకవేళ పాప పుట్టగానే ఈ పని చేసేసి ఉంటే, తన పేరు ఫైల్లోకి ఎక్కిందని జవాబు వచ్చిందో లేదో చూసుకోండి. తనని కూడా మీతో పాటు పీఆర్‌కి కలపమని అడగడమే మంచిది. ఫారాలు, ఫీజు, ప్యానెల్ డాక్టర్ (ఐఆర్‌సీసీ గుర్తించిన డాక్టర్) దగ్గర మెడికల్ అడుగుతారు, పాప పాస్‌పోర్టు కూడా కావాలి. అందుకు టైము పడుతుంది. మీ గడువేమో దగ్గర్లో ఉంది. సీఓపీఆర్ గడువు ఎక్కువగా మీ మెడికల్ తేదీ నుంచి ఏడాదికో, పాస్‌పోర్టు గడువుకో కట్టేసి ఉంటుంది, అడిగితే పొడిగించే మామూలు పద్ధతేమీ లేదు. అందుకే 'మా సీఓపీఆర్ ఫలానా తేదీకి అయిపోతుంది, పాపని కలిపాక ఏం చేయమంటారు' అని అదే మెసేజ్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆగండి. గడువు దాటితే మెడికల్ మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు, ఇంకా చెడితే అప్లికేషనే మళ్లీ వేయాల్సి రావచ్చు. అంత జరిగినా పాపని వదిలేసి ల్యాండ్ అవడం కన్నా అదే నయం అంటాను.

ఇక్కడి నుంచి, పాప విషయం తేలిందనుకుని రాస్తున్నాను.

హెచ్‌-1బీ సంగతి. హెచ్‌-1బీకి అమెరికా చట్టంలోనే డ్యూయల్ ఇంటెంట్ (తాత్కాలిక వీసా మీద ఉంటూనే శాశ్వతంగా ఉండాలనుకోవచ్చనే వెసులుబాటు) ఉంది. గ్రీన్‌కార్డు కోసం ఫైల్ చేసినా స్టేటస్‌కి ఇబ్బంది లేనిది అందుకే. ఇక వేరే దేశంలో పీఆర్ తీసుకోవడాన్ని తప్పుపట్టే రూలే లేదు. మీ హెచ్‌-1బీ నిలబడేది మీ కంపెనీ, మీ ఉద్యోగం, మీ పిటిషన్ మీద. ఐ-140 కూడా అంతే. ఐ-485 (గ్రీన్‌కార్డు ఆఖరి దశ అప్లికేషన్) వేసి ఉండి, హెచ్‌-1బీ వదిలేసి ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద పనిచేస్తున్నవాళ్ల పరిస్థితి మాత్రం వేరు. వాళ్లు అడ్వాన్స్ పరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా బయటికి అడుగుపెడితే ఐ-485 వదిలేసుకున్నట్టే. మీరు ఆ దశకి రాలేదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేద్దాం.

ఈ ట్రిప్పులో కష్టం కెనడాలోకి వెళ్లడంలో లేదు, వెనక్కి రావడంలో ఉంది. స్టాంప్ గడువు తీరిపోయింది కదా, మరి ఏ వీసాతో అమెరికాలోకి వస్తారు? దీనికి ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో, 22 సీఎఫ్ఆర్ 41.112(డి)లో రాసి ఉంటుంది. కెనడా లేదా మెక్సికోకి మాత్రమే వెళ్లి, 30 రోజుల్లోపు తిరిగి వస్తుంటే, చేతిలో గడువున్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంటే, తీరిపోయిన వీసానే తిరిగి వచ్చే రోజుకి చెల్లుబాటైనట్టు లెక్క. ఎఫ్‌-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి ఇక్కడే హెచ్‌-1బీకి మారినవాళ్లకి కూడా పాత ఎఫ్‌-1 స్టాంప్‌తో ఇది పనిచేస్తుంది. స్టాంప్ తీరినవాళ్లు ల్యాండింగ్‌కి వెళ్లొస్తున్నది దీని మీదే. అయితే దీనికి కొన్ని మెలికలున్నాయి.

మొదటిది మీ ఐ-797 (అప్రూవల్ నోటీసు). ఎక్స్‌టెన్షన్ నోటీసు అడుగున చింపుకోవడానికి వీలుగా ఒక ముక్క ఉండి, అందులో ఐ-94 నంబరు, కొత్త గడువు తేదీ ఉంటే అది ఐ-797ఎ. అది ఉంటే మీరు బాగున్నట్టే. ఆ ముక్క లేకుండా వచ్చింది ఐ-797బి. పిటిషన్ అప్రూవ్ అయింది కానీ ఐ-94 పొడిగించలేదు, బయటికెళ్లి స్టాంప్ వేయించుకు రమ్మని దాని అర్థం. దాంతో ఈ వెసులుబాటు దొరకదు. మీరు 'అప్రూవ్ అయింది' అని మాత్రమే రాశారు, ఏదో చూసుకోండి.

రెండోది మీ ఆవిడ ఐ-94. చాలామంది మర్చిపోయేది ఇదే. మీ ఐ-129 (కంపెనీ వేసే హెచ్‌-1బీ పిటిషన్) అప్రూవ్ అయినంత మాత్రాన ఆవిడ హెచ్‌-4 (డిపెండెంట్ స్టేటస్) దానంతటదే పొడిగింపు కాదు. ఆవిడకి వేరే ఐ-539 (పొడిగింపు అప్లికేషన్), వేరే అప్రూవల్ నోటీసు, వేరే ఐ-94. మీది వచ్చేసి ఆవిడది పెండింగ్‌లో ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. ఆవిడ పాత ఐ-94 గడువు దాటి, ఐ-539 ఇంకా పెండింగ్‌లో ఉంటే, ఇక్కడ ఉన్నంతసేపూ పర్వాలేదు గానీ బోర్డర్ దాటితే స్టాంప్ లేకుండా వెనక్కి రాలేరు. అలాగైతే పీఆర్ ఫైల్లో మీరే ప్రిన్సిపల్ అప్లికెంట్ (ముఖ్య దరఖాస్తుదారు) అయితే ముందు మీరొక్కరే వెళ్లి ల్యాండ్ అయి రావచ్చు, ఆవిడ తన నోటీసు వచ్చాక, సీఓపీఆర్ గడువులోపు వెళ్లొచ్చు. ప్రిన్సిపల్ కన్నా ముందు డిపెండెంట్లు ల్యాండ్ అవకూడదు. ఈ వరస మాత్రం మార్చడానికి లేదు.

మూడోది ఆశ. 'ఎలాగూ కెనడా వెళ్తున్నాం, టొరంటోలో స్టాంపింగ్ కూడా కొట్టించేసుకుందాం' అనిపిస్తుంది. వద్దు. కెనడాలో ఉండగా అమెరికా వీసాకి అప్లై చేసిన క్షణం నుంచి రీవాలిడేషన్ మీకు లేనట్టే. వాళ్లు 221(జి) చీటీ చేతిలో పెట్టి 'తర్వాత చెబుతాం' అంటే మీరు అక్కడే ఉండిపోవాలి. పైగా 2025 సెప్టెంబరు నుంచి, సొంత దేశంలోనో నివసిస్తున్న దేశంలోనో మాత్రమే వీసాకి అప్లై చేయమని అమెరికా విదేశాంగ శాఖ చెబుతోంది. నిన్న ల్యాండ్ అయినవాళ్లు 'మేం కెనడా నివాసులం' అని నిరూపించడం తేలిక కాదు.

ఇంకో విషయం కూడా చూసుకోండి. వీసాని ఎప్పుడైనా రద్దు చేశారా? డ్రంక్ డ్రైవింగ్ కేసు ఒకటున్నా, వీసా రద్దు చేసినట్టు ఈమెయిల్ పంపడం జరుగుతుంటుంది. రద్దయిన వీసాకి రీవాలిడేషన్ వర్తించదు. కేసు కొట్టేసి ఉన్నా సరే, అరెస్టు అంటూ ఉంటే లాయర్‌తో మాట్లాడకుండా కదలకండి. అదే కేసు కెనడా వైపు కూడా అడ్డం రావచ్చు.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌-1బీలకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పుడు జనం విమానాల్లోంచి దిగిపోయినంత పని చేశారు. మీలా ముందే ఇక్కడ అప్రూవల్ చేతిలో ఉండి తిరిగి వచ్చేవాళ్లకి అది వర్తించదని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ మర్నాడే చెప్పింది. దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

ఇది చదివేవాళ్లలో లేఆఫ్ అయినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గ్రేస్ పీరియడ్ అమెరికాలో ఉన్నవాళ్లకే. అందులో ఉండగా ల్యాండింగ్‌కి వెళ్తే హెచ్‌-1బీ మీద వెనక్కి రావడానికి ఉద్యోగం లేదు. ఐ-94లో ఎంత టైమున్నా సరే. అప్పుడది వన్‌వే ప్రయాణం, సామాను సర్దుకునే వెళ్లాలి.

ఇక వెళ్లే రోజు. కొలంబస్ నుంచి మీకు దగ్గర డెట్రాయిట్. అంబాసిడర్ బ్రిడ్జ్ మీద లారీల రద్దీ ఎక్కువ, పక్కనే టన్నెల్ ఉంది. కొంచెం దూరమైనా బఫలో దగ్గర పీస్ బ్రిడ్జ్ కూడా మనవాళ్లకి అలవాటైన దారే. నయాగరా రెయిన్‌బో బ్రిడ్జ్ మీద లారీలుండవు కానీ వేసవిలో టూరిస్టుల క్యూ మామూలుగా ఉండదు. వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. కారు ఇన్సూరెన్స్ వాళ్లని ముందే అడిగితే కెనడాలో చూపించే కార్డు పంపుతారు. అద్దె కారైతే బోర్డర్ దాటతామని వాళ్లకి ముందే చెప్పండి.

బూత్ దగ్గర ఆఫీసర్ ఎందుకొచ్చారని అడగ్గానే 'ల్యాండింగ్ యాజ్ పర్మనెంట్ రెసిడెంట్స్' అని చెప్పి పాస్‌పోర్టులు, సీఓపీఆర్‌లు ఇవ్వండి. పక్కన పార్క్ చేసి లోపలికి వెళ్లమంటారు. లోపల ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అడిగేవి తక్కువే: ఎప్పుడైనా నేరం రుజువైందా, ఏ దేశమైనా పొమ్మందా, కాగితంలో ఉన్నవాళ్లు కాక ఇంకెవరైనా భార్యాబిడ్డలున్నారా. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కింద వచ్చి ఉంటే సెటిల్‌మెంట్ ఫండ్స్ చూపించమనొచ్చు. 2025 లెక్క ప్రకారం ఒక్కరికి 15,263, ముగ్గురికి 23,360 కెనడియన్ డాలర్లు. బ్యాంకు లెటర్, స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసుకెళ్లండి, నగదు మోసుకెళ్లే పని లేదు. 10,000 కెనడియన్ డాలర్లు లేదా అంతకు మించి నగదు తీసుకెళ్తే చెప్పి తీరాలి.

'కెనడాకి ఎప్పుడు మారుతున్నారు?' అని అడగొచ్చు. ఇక్కడ జాగ్రత్త. పీఆర్ వీసాతో వచ్చేవాళ్లు స్థిరపడటానికే రావాలని కెనడా చట్టంలో ఉంది. 'గ్రీన్‌కార్డు రాకపోతే బ్యాకప్‌గా ఉంటుందని' అని నవ్వుతూ చెప్పేవాళ్లున్నారు, అది ఆఫీసర్ వినాలనుకునే మాట కాదు. అలాగని లేని ఇల్లు, లేని ఉద్యోగం కల్పించి చెప్పకండి. ఇక్కడ ప్రాజెక్టు ముగించుకుని, ఇల్లు ఖాళీ చేసి ఫలానా సమయానికి మారాలని ఉంది అంటే చాలు, అది నిజమైతే. మారే ఆలోచన అసలు లేనివాళ్లు ల్యాండింగ్ జోలికి ఎందుకు వెళ్లాలో నాకైతే అర్థం కాదు.

సంతకం పెట్టేముందు సీఓపీఆర్ మీద ప్రతి అక్షరం చదవండి. మన పేర్లతో ఇదొక తలనొప్పి. ఇంటిపేరు ఎక్కడ పడిందో, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీళ్లు ఏం వేశారో, పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయేమో చూడండి. తప్పుంటే అక్కడే, సంతకానికి ముందే ఆఫీసర్‌కి చూపించండి. తర్వాత సరిచేయించాలంటే ఐఎంఎం 5218 ఫారం పంపి ఎదురుచూడాలి, ఈలోపు తప్పు పేరుతోనే అన్నీ మొదలవుతాయి.

పీఆర్ కార్డుకి కెనడా అడ్రస్ అడుగుతారు. అమెరికాకి పంపరు. అక్కడ నమ్మకమైన స్నేహితుల అడ్రస్ వాళ్లనడిగి ఇవ్వండి. అప్పటికప్పుడు లేకపోతే 180 రోజుల్లోపు ఇవ్వొచ్చు, అది దాటితే ఫీజు కట్టి కార్డుకి మళ్లీ అప్లై చేసుకోవాలి.

ఇమిగ్రేషన్ అయ్యాక అదే బిల్డింగ్‌లో కస్టమ్స్. తర్వాత తెచ్చుకునే సామాను జాబితా, 'గూడ్స్ టు ఫాలో', రెండు కాపీలు ప్రింట్ తీసి ఇచ్చి స్టాంప్ వేయించుకోండి. ఫారం పేరు బీఎస్ఎఫ్186. సోఫాలు, గిన్నెలు ఒక్కొక్కటీ రాయక్కర్లేదు కానీ బంగారం మాత్రం విడివిడిగా రాయండి. హారం, వంకీ, గాజులు అని, ఒక్కోదాని విలువ కెనడియన్ డాలర్లలో వేసి, ఫొటోలు జతచేయాలి. నగల షాపు వాళ్ల అప్రైజల్ ఉంటే ఇంకా మంచిది. ఇది మనవాళ్లకి నిజంగా పనికొచ్చే కాగితం. ఇప్పటికే మీ సొంతమై, వాడుకలో ఉన్నవాటికి తర్వాత తెచ్చినా సుంకం ఉండదు, కాకపోతే ఒక్క వస్తువు విలువ 10,000 డాలర్లు మించితే ఆ పైమొత్తానికి కట్టాలి.

ఓపికుంటే సర్వీస్ కెనడా ఆఫీసుకి వెళ్లి సిన్ నంబరు (కెనడాలో ఉద్యోగానికి, టాక్స్‌కి కావాల్సిన నంబరు) తీసుకోండి, వారం మధ్యలో వెళ్లమన్నది అందుక్కూడా. ఆ తర్వాత తిరుగు ప్రయాణం.

అమెరికా బూత్ దగ్గర పాస్‌పోర్టు, తీరిపోయిన వీసా ఉన్న పేజీ, ఒరిజినల్ ఐ-797ఎ, ఐ-94 ప్రింటు, ఈమధ్య పే స్టబ్‌లు, కంపెనీ లెటర్ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఆవిడవి వేరే ఫోల్డర్‌లో, మీ పెళ్లి సర్టిఫికెట్ కాపీతో. 'వీసా ఎక్స్‌పైర్ అయింది కదా' అంటే 'ఆటోమేటిక్ రీవాలిడేషన్ మీద వస్తున్నాం, ఈరోజే కెనడా వెళ్లాం' అని చెప్పండి. సీబీపీ (అమెరికా బోర్డర్ శాఖ) వెబ్‌సైట్లో దీని గురించి ఉన్న పేజీ ప్రింట్ దగ్గరుంటే మంచిది. రోజూ చూసేవాళ్లకి తెలుసు, కొత్తవాళ్లు ఒక్కోసారి లోపలికి పంపుతారు. లోపలికి పంపితే భయపడకండి, సూపర్‌వైజర్ చూసి పంపేస్తారు. కెనడాకి ఎందుకెళ్లారంటే ల్యాండింగ్‌కని ఉన్నదే చెప్పండి. మీరు బోర్డర్ దాటిన వివరాలు రెండు దేశాలూ ఎలాగూ పంచుకుంటాయి. పాప ఆరోజు మీతో ఉంటే, అమెరికాలోకి భూమార్గంలో రావడానికి బర్త్ సర్టిఫికెట్ చాలు.

ఇంటికి రాగానే సీబీపీ సైట్లో ఐ-94 చూడండి. రీవాలిడేషన్ మీద వస్తే మామూలుగా పాతదే కొనసాగుతుంది. కొత్తది ఇచ్చి ఉంటే గడువు తేదీ చూసుకోండి. పాస్‌పోర్టు త్వరలో తీరిపోతుంటే ఆ తేదీకే ఐ-94 కోసేస్తారు, ఐ-797లో ఏమున్నా తర్వాత ఇచ్చిన ఐ-94దే పైచేయి. అందుకే పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉందేమో ఇప్పుడే చూసుకోండి. అదే జరిగితే వెంటనే కంపెనీ లాయర్‌కి చెప్పండి.

ల్యాండింగ్ తర్వాత లెక్క ఇలా ఉంటుంది: అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. వరుసగా ఉండక్కర్లేదు. ల్యాండ్ అయిన తేదీ నుంచి మొదటి అయిదేళ్లలో, మిగిలిన రోజుల్లో ఇంకా 730 పూర్తిచేయగలరా అని చూస్తారు. అంటే మూడేళ్ల దాకా మీ చేతిలో ఉన్నట్టు, ఆపైన మారక తప్పదు. ఊరికే ల్యాండ్ అయినంత మాత్రాన కెనడాకి టాక్స్ కట్టాల్సిన పని మొదలవదు, అది ఇల్లు, కుటుంబం లాంటి సంబంధాలు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈలోపు పీఆర్ కార్డు మీ చేతికి రాకపోయినా, సొంత కార్లో బోర్డర్ మీదుగా సీఓపీఆర్, పాస్‌పోర్టు చూపించి కెనడాలోకి వెళ్లొచ్చు. విమానానికి మాత్రం కార్డు ఉండాలి.

కెనడా పీఆర్ వచ్చింది కదా అని అమెరికా వైపు కొత్త సౌకర్యాలేమీ రావు. టీఎన్ అనే ఉద్యోగ స్టేటస్ కెనడా, మెక్సికో సిటిజన్లకే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నంతకాలం స్టాంపింగ్ తప్పదు. ఈసారి డీఎస్‌-160 (అమెరికా వీసా ఫారం) నింపేటప్పుడు వేరే దేశంలో పర్మనెంట్ రెసిడెంట్ అవునా అనే ప్రశ్న వస్తుంది, దానికి 'అవును' అని పెట్టండి.

ఐ-797 ఎ నా బి నా, మీ ఆవిడ ఐ-94 తేదీ ఏంటి, పాప గురించి ఐఆర్‌సీసీ ఏం జవాబిచ్చింది, ఈ మూడూ తెలిశాక ఇక్కడే రాయండి. ఎవరు ముందు వెళ్లాలో అప్పుడు చెప్పగలను.